నువ్వుచేను పురుగు

గరిడేపల్లి దగ్గరి పల్లె నుంచి, మధుసూదన్ సారుకు నమస్కారాలు.

నేను హుజూర్‌నగర్ బడిలో మీ నాలుగో తరగతి ఉమకు తాతను. ఫోన్లో నాకు మాట రాదు. అందుకే రాసి, మా ఊరి స్టీఫెన్ ఆటోలో కోదాడలోని మీ ఇంటికి పంపుతున్నాను. దసరా సెలవుల్లో పెంచి చూడమని మీరు సీసాలో ఇచ్చిన నువ్వుచేను పురుగు నా చేతిలో పోయింది. మేత మానింది, నల్లబడి ముడుచుకుంది. గొర్రెల మందు పోద్దామనుకున్నా, ఎంత పోయాలో తెలియలేదు. దొడ్డి దడి పక్కన గుంత తీసి, పసుపు చల్లి పాతిపెట్టాం. పిల్ల అన్నం ముట్టడం లేదు. క్షమించండి.

ఇట్లు,
బీరయ్య

తా.క.: ఉమ పట్టుబడితే, మనుషులకు చేసినట్లే మూడో రోజు పిట్టకు పెట్టాం. కాకి రాలేదు. కోడి తిన్నది.

---

బీరయ్య గారికి,

మీరు తొందరపడ్డారు. అది చావలేదు. పురుగు కొన్నాళ్లు కదలకుండా ఉండి, రెక్కలతో బయటికి వస్తుంది. పాఠమే అది. మట్టిలో ఊపిరాడదు, వెంటనే తవ్వి తీయండి. కదలనంత మాత్రాన చచ్చినట్లు కాదని ఉమకు నా మాటగా చెప్పండి.

మధుసూదన్

తా.క.: పిట్టకు పెట్టడం మన పాఠంలో లేదు.

---

సారుకు బీరయ్య నమస్కారం.

పాతినదాన్ని తవ్వడానికి నాకు చేయి రాలేదు. మీ ఉత్తరం మాత్రం ఉమకు చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది. పిల్ల లేచి అన్నం తిన్నది. తిని, "తాతా, గట్లయితే నాయినమ్మ గూడ సావలేదు గదా" అన్నది.

నా భార్య చంద్రమ్మను మొన్న ఎండాకాలంలో మా చెలకలోనే పాతాం.

"గది వేరే బిడ్డా."

"ఏం వేరే? నాయినమ్మ గూడ తినుడు బంజేసింది. కదల్లేదు. సారు అబద్ధం రాస్తడా?"

ఇప్పుడు రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లు తీసుకుని చెలకకు పోతోంది.

మీ
బీరయ్య

తా.క.: రెక్కలొస్తే నాయినమ్మ చీర ఎట్ల కట్టుకుంటదని అడుగుతోంది. మీరే చెప్పాలి.

---

బీరయ్య గారూ,

రాసింది చించి మళ్లీ రాస్తున్నాను. చావు గురించి నేను తరగతిలో చెప్పలేదు. చిన్నపిల్లలని దాటేశాను. మిగతా పిల్లల పురుగులన్నీ సీసాల్లోనే ఎండిపోయాయట. మట్టిలో పడినది బతికే దారే లేదు. చనిపోయిందనే ఉమకు చెప్పండి. దాంతో నాయనమ్మ సంగతీ అర్థమవుతుంది.

బాధతో,
మధుసూదన్

తా.క.: చీర సంగతి బడి తెరిచాక ఉమతో నేనే మాట్లాడతాను.

---

సారుకు,

చెప్పాను. "సచ్చిపోయింది బిడ్డా, సారే రాసిండు" అన్నాను. చాలాసేపు ఏడ్చి, చెంబు బోర్లించింది. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు గొర్రెలు విప్పుతుంటే, పాతినచోట మట్టి పగిలి ఉంది. దడి మీద తడి రెక్కలతో పిట్టంత పురుగు. పొద్దుగూకేసరికి ఎగిరిపోయింది. ఉమ నన్ను చూసింది, గూట్లో ఉన్న మీ ఉత్తరాన్ని చూసింది. పోయి చెంబు తీసుకుంది.

బడి తెరిచారు కనుక ఇక మీరే చెప్పండి. నాకు చేతకాలేదు.

ఉమ తాత,
బీరయ్య

తా.క.: ఇవాళ పిల్ల బడికి వచ్చింది కదా, చెంబు నేను చెలకకు పట్టుకుపోయాను. మట్టి పగలలేదు. వంగి చూశానని పిల్లకు చెప్పకండి.