చెవిలో గుచ్చని పాట

బోగోలు,
12 ఫిబ్రవరి 1963

ప్రియమైన తిమోతి బావకు,

అక్కకూ నీకూ వందనాలు. కావలి పెళ్లిలో నీ యాంప్లిఫయర్ విన్నాను. పాడే ఆమె ఊపిరి తీసుకోవడం, ఫిడేలు కమాను తీగను రాసుకోవడం కూడా వినబడ్డాయి. అయినా చెవికి ఎక్కడా గుచ్చుకోలేదు. ఇద్దరం ఒకే మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాం. నా సెట్టులోనూ నువ్వు వాడే రకం వాల్వులే. కానీ నా దాంట్లో ‘స’ వచ్చినప్పుడల్లా రేకు మీద మేకు గీసినట్టుంటుంది. సన్నధ్వనులు తగ్గిస్తే గొంతు దుప్పటి కప్పుకుంటుంది. పక్కింటి పిచ్చమ్మ మొహం మీదే అనేసింది: “మీ బావ సెట్టు మాదిరి చేయలేవా అబ్బయా?” అన్నం సహించలేదు. అసూయే, ఒప్పుకుంటాను. దాంట్లో ఏం పెట్టావు? వచ్చి చూడనా?

నీ యెహోషువ

నెల్లూరు,
2 మార్చి

ప్రియమైన యెహోషువకు,

మీ అక్క కులాసా. వాల్వును దాని శక్తి చివరిదాకా తోలకు. అక్కడికి చేరితే పాట అంచులు తెగి గరుకవుతాయి. ఎప్పుడూ సగం బలం మిగిలి ఉండాలి. బయటికి వెళ్ళే ధ్వనిలో కొంచెం వెనక్కి తెచ్చి మొదటి వాల్వులో కలుపు, తన తప్పు తానే దిద్దుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు సరిగా చుట్టకపోతే మాత్రం ఆ దిద్దుబాటే కీచుమంటుంది. రెండు చుట్లనూ పొరలు పొరలుగా, ఒకదాని మధ్య ఒకటి చుట్టు. ఎంత వెనక్కి తేవాలన్నది వింటూ తేల్చుకోవాలి.

ఇప్పట్లో రావద్దు. కొట్టు చిందరవందరగా ఉంది.

ప్రేమతో
తిమోతి

బోగోలు,
20 ఏప్రిల్

తిమోతి గారికి,

వేళ్ళు కోసుకుపోయేలా మళ్ళీ మళ్ళీ చుట్టాను. ‘స’ ఇంకా గుచ్చుతూనే ఉంది. మొన్న చెప్పకుండా నెల్లూరు వచ్చాను. కొట్టుకు లోపల గడియ. పాట వినబడింది, అక్క నవ్వు వినబడింది. తలుపు తట్టగానే పాట ఆగిపోయింది, తలుపు ఎవరూ తియ్యలేదు. ఆమెకు చెప్పిన కిటుకు నాకు చెప్పకూడదా?

మే నెల సువార్త సభలకు మీ సెట్టే తెప్పిద్దామనుకున్నారు సంఘ పెద్ద జ్ఞానప్రకాశం గారు. అది సముద్రపు ఉప్పుగాలికి తట్టుకోదని చెప్పాను. అబద్ధమే. ఆయన నమ్మారు. సభలు ఇప్పుడు నావి.

యెహోషువ

నెల్లూరు,
27 ఏప్రిల్

ప్రియమైన యెహోషువకు,

నీ ఉత్తరం చదివి మీ అక్క ఏడ్చింది, తర్వాత తిట్టింది.

క్షయకు వేసిన ఇంజెక్షన్లు నా ప్రాణం నిలిపాయి గానీ, చెవుల్లోంచి సన్నధ్వనులు పట్టుకుపోయాయి. కీచురాళ్ళు వినబడవు. నువ్వు బాధపడే ఆ ‘స’ నాకసలు లేదు. గడియ వేసుకుని నేను సర్క్యూట్లో ముక్కలు మారుస్తుంటే మీ అక్క నవోమి వింటుంది. “ముల్లుండాది” అంటుంది. “ఇప్పుడు మసకబారిపోయింది” అంటుంది. ఆమె ఆపమన్నచోట ఆపుతాను. చెవుడున్నవాడి దగ్గర సెట్టు ఎవరు కొంటారు? ఆ రోజు వచ్చింది బేరమనుకుని పాట కట్టేసింది.

పాటలో దేనికో నవ్వుతుంది. దేనికో నాకు తెలియదు. నీకైతే ఆ పాట మొత్తం వినబడుతుంది. అసూయ నీ ఒక్కడిదే అనుకోకు.

సభలు నువ్వే చెయ్యి. సోమవారం బస్సుకు మీ అక్క వస్తుంది.

తిమోతి

బోగోలు,
28 మే

ప్రియమైన బావకు,

అక్క వచ్చి నాతో మాట్లాడలేదు. పీట లాక్కుని సెట్టు ముందు కూర్చుంది. నేను మారుస్తూ పోయాను. ఒకచోట “ఆపు” అంది. ‘స’ మెత్తబడింది, కానీ మాయం కాలేదు. పాడే ఆమె పెదవుల తడి కూడా వినబడింది.

సభల మొదటిరోజే జ్ఞానప్రకాశం గారికి నా అబద్ధం చెప్పేశాను. అప్పుడే కూటంలో పాట మొదలైంది. “మరి ఇంత బాగా పలకతా ఉండాదే, ఈ సెట్టెవురిది?” అన్నారాయన.

“మా అక్కది” అన్నాను. వెనకే నిలబడి ఉంది. అప్పుడు మాట్లాడింది నాతో.

ఈ ఉదయం బస్సెక్కించాను. “ఇంకో రెండు రోజులుండక్కా” అంటే, “ఆడ మీ బావ ఒక్కడే ఏం వింటా ఉండాడో” అంది. బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. నా అసూయ పోలేదు బావా. ఇదివరకు అది నీ సెట్టు మీద ఉండేది, ఇప్పుడు నీకున్న ఆ తోడు మీద, అంతే.

నీ
యెహోషువ