కొండ దిగిన పూలు

రాయపురం, చెన్నై
గురువారం

కొండ మీది అమ్మకు, సముద్రం ఒడ్డు నుంచి నీ లోక రాస్తున్నది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోను చేస్తే వినపడలేదని నువ్వు స్పీకరు పెడతావు, మన వీధంతా వింటుంది. ఇక్కడ మాది ఒకటే గది, నీ అల్లుడు పక్కనే ఉంటాడు. అందుకే రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగిన చదువు కదా, తప్పులుంటే సర్దుకుని చదువుకో. నాయనకు మాత్రం చదివి వినిపించకు.

ధనుర్మాసం పోగానే, ఒక నెల ఉండి చూడు, కుదిరితే కాపురం సామాన్లు పంపుతామని నన్ను ఇక్కడికి పంపారు కదా. ఊరు బ్రహ్మాండంగా ఉంది. వానలు వెళ్లిపోయాయి, ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. పొద్దున కాస్త మంచు పడితే చాలు, ఇక్కడి మగవాళ్లు చెవులు మూసే టోపీలు పెట్టుకుని టీ అంగడి దగ్గర వణుకుతారు. ఇదీ ఒక చలేనా అమ్మా! మన కొండ మీద ఈ పాటికి నువ్వు దుప్పటి కప్పుకునే వాకిలి ఊడుస్తుంటావు. నేను ఉత్త చీరతో మిద్దె మీద నిలబడితే ఇంటామె నాకు దండం పెట్టింది.

మిద్దె ఎక్కితే ఓడలు కనపడతాయి. ఓడంటే పెద్ద పడవ అనుకున్నాను. కాదమ్మా, మన కొండ మీది సత్రాలు నాలుగు వరుసగా నీళ్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఒకరోజు లేచి చూద్దును కదా, ఆ సత్రం లేదు, రాత్రికి రాత్రి వెళ్లిపోయింది! ఎవరికీ చెప్పకుండా అంత పెద్దది ఎలా పోయిందో.

ఒకటే కష్టం, వాసన. వానల్లేని ఈ రోజుల్లో రోడ్డు పొడుగునా చేపలు ఎండబెడతారు. గుడ్డు కూడా చూడకుండా కొండ మీద పెరిగిన ముక్కు నాది. కొంగు అడ్డం పెట్టుకుని పోతుంటే చేపల దగ్గర కూర్చున్న ముసలామె పట్టేసింది. "ఏమ్మే, మా చేపలు నిన్నేమన్నా తిట్టినాయా?" అంది. మర్నాటి నుంచి కొంగు తీసేసి, ఊపిరి బిగబట్టి పరుగెత్తుతున్నాను.

నీ అల్లుడి పని గురించి చెప్పాలి. ఓడలోంచి ఇనుప పెట్టెలు దించే క్రేను పైన ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. దాని డ్రైవరుకు కింద నిలబడి చేతులతో సైగలు చేయాలి. ఆ సైగ తప్పితే ప్రాణాలే పోతాయట. పొద్దంతా సైగలు చేసీ చేసీ ఇంట్లో కూడా నోరు తెరవడు. అన్నం పెట్టేటప్పుడు వేలు కిందికి చూపి తిప్పుతాడు, మెల్లగా దించు అని. చెయ్యి అడ్డంగా ఊపితే చాలు, ఆపు అని. ఒకరోజు రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుంటే ఏమని అడిగాను, అదీ సైగతోనే. "అదా, అది పెద్ద సైగ. అంతా ఉండేది ఉండినట్టే ఉండల్ల. దేన్నీ కదపగూడదు" అన్నాడు. ఆ రోజు మాట్లాడిన మాటల్లో అదే పొడుగుది. నేనేమన్నా తక్కువా? ఆయన్ని ఏమని పిలవాలో తెలియక గ్లాసు చప్పుడు చేస్తాను. ఒక మూగవాడికి ఒక మూగదాన్ని కట్టబెట్టారు మీరు.

కానీ స్వామి మీద ఎంత భక్తో అమ్మా! పనినుంచి వచ్చేటప్పుడు రోజూ ఒక మూర పూలు తెస్తాడు. మొదటిరోజు కనకాంబరాలు, మర్నాడు జాజులు, ఆ తర్వాత డిసెంబరు పూలు. నేను చేతులు కడుక్కుని, పొట్లం విప్పి, ఆయన ఎదురుగానే స్వామి పటానికి వేస్తాను. ఈ చలికాలంలో మల్లె దొరకదు కదా, దాన్ని కూడా ఎక్కడినుంచో తెచ్చాడు. నాయనకు తగిన అల్లుడే అనుకున్నాను.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. అమ్మా, నాలుగు రోజులుగా ఆయన పూలు తేవడం లేదు. నా ముఖం చూడటం లేదు. సైగలు కూడా మానేశాడు. నేనేం చేశానో తెలియడం లేదు.

నీ కూతురు
లోకేశ్వరి


సోమవారం

అమ్మా,

సామాన్లు సర్దవద్దు. నేనే వస్తున్నాను.

నిన్న పనినుంచి వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టాడు. వచ్చే ఆదివారానికి తిరుపతి బస్సు టిక్కెట్టు. ఒక్కటే. "నీకు ఈడ ఉండేదానికి మనసు ల్యా. నాకు తెలస్తా ఉండాది. పొయ్యి మీ అమ్మకాడ ఉండు" అన్నాడు గోడ వైపు చూస్తూ. నాకు మనసు లేదని ఎవరన్నారు? నోటి దాకా వచ్చింది, అంతే. గ్లాసు చప్పుడు చేశాను. మంచినీళ్లు ఇస్తున్నాననుకుని తాగేసి పడుకున్నాడు.

ఎందుకో నేనే ఊహించుకున్నాను. ఆయనతో పనిచేసే దేవరాజులన్న భార్యను తీసుకుని వచ్చినప్పుడు నేను తలుపు వెనకాలకు పోయాను. టీ కూడా తలుపు సందులోంచే చెయ్యి చాపి ఇచ్చాను. "చెల్లెలు బాగుందా? చెయ్యి మాత్రం బాగుండాది" అని దేవరాజులన్న నవ్వాడు, నీ అల్లుడు నవ్వలేదు. ఇంతమందిలో తిరిగే మనిషికి ఇలాంటి పెళ్లాం ఎందుకు అనుకునుంటాడు.

నేనొకటి నిశ్చయించుకున్నాను. ఏడవను, బతిమాలను. ఆదివారం బస్సెక్కుతాను. ఆయనే కొండెక్కి వచ్చి పేరు పెట్టి పిలిస్తే దిగుతాను. పిలవకపోతే నాయన వెంట స్వామి పూలతోటకు పోయి పూలు కోసుకుంటాను. పూలయితే నన్ను చూసి ముఖం తిప్పుకోవు.

ఒక్క బాధ. స్వామి పటం బోసిగా ఉంది. పోయేలోగా నేనే వెళ్లి ఒక మూర కొని వేస్తాను. వీధి చివర పూలమ్మే అవ్వ ఉంది. తెలుగు మాట్లాడుతుంది.

లోక


బుధవారం

మా అమ్మకు, ఒక పిచ్చిపిల్ల రాయునది.

ముందు కూర్చో. కూర్చున్నాక చదువు.

నిన్న సాయంత్రం పూలవ్వ దగ్గరికి వెళ్లాను. పేరు సిద్ధమ్మ, సత్యవేడు పక్క మనిషి. ఒక మూర కనకాంబరాలు ఇవ్వమంటే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా మా చక్రధరు పెండ్లాం? నీకు పూలెందుకే? నువ్వు పెట్టుకోవు గదా!"

"పటానికి అవ్వా."

"పటానికంట! ఆ పిలకాయ రోజూ ఈడ నిలబడి, అవ్వా, ఆడోళ్లకి ఏ పువ్వంటే ఇష్టం, ఏ పువ్వంటే ఇష్టం అని నా ప్రాణం తీసె. కనకాంబరం ఇచ్చినా, జాజి ఇచ్చినా. మల్లి అడిగితే, ఈ సలిలో మల్లి యాడుండాదిరా అంటే, కోయంబేడు పూల మార్కెట్టు దాకా పొయ్యి మూర తెచ్చుకున్నాడు. అది కూడా నువ్వు తీసి పటానికి ఏసినావంట! ఆ పొద్దు ఈడొచ్చి కూలబడినాడు. 'నా చేతి పువ్వు తలకి సోకనియ్యదవ్వా. ఆ పాపకి నేను ఇష్టం ల్యా. పెద్దోళ్లు చెప్తే చేసుకునింది, అంతే' అనె."

అమ్మా, నేను నడిరోడ్డు మీద నిలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. నాకా ఆ పూలు? నా తలకా? ఒక్కనాడైనా ఆ ఆలోచన వస్తే ఒట్టు! పుట్టినప్పటినుంచి పూలతోటలో తిరిగాను, నాయన ఒక్క పువ్వు వాసన చూడనిచ్చాడా? పువ్వంటే స్వామిది. కొండ మీద నువ్వు పెట్టుకున్నావా, అత్త పెట్టుకుందా, మన వీధిలో ఎవరైనా పెట్టుకున్నారా? పెళ్లిలో ఎవరో జడకు కట్టారు, అది పెళ్లి కాబట్టి అనుకున్నాను. కొండెక్కిన ఆడవాళ్లు పూలు పెట్టుకోరని ఈయనకూ తెలుసు. కొండ దిగిన పిల్ల కొండను కూడా వెంట తెచ్చుకుంటుందని పాపం ఆయనకేం తెలుసు?

అదంతా అవ్వకు చెప్పాను. ఇంత పొడుగు మాట నేను ఈ ఊళ్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఓసి నీ భక్తి బంగారం గానూ! ఇది కొండ కాదే, సముద్రం. సామి సామిదే, మొగుడు మొగుడే. సామి పువ్వు సామికి, నీ పువ్వు నీకు. తిరుగు, తల తిప్పు!"

మూరను రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టి, రెండోది తనే జడలో పెట్టింది. ఇంటికి వస్తుంటే జడలో పూలు ఊగి, ఎవరో వెనకాల నడుస్తున్నట్టు ఉండి మాటిమాటికీ తిరిగి చూశాను. చేపల ముసలామె "ఈ పొద్దు పరుగెత్తలేదే?" అంది. ఊపిరి బిగబట్టడం మరిచిపోయాను.

చేతిలోది స్వామికి వేశాను. దీపం పెట్టి, తలుపుకు వీపు పెట్టి దోసెలు పోస్తూ కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. గడప దగ్గర ఆగిపోయింది. ఎంతసేపటికీ లోపలికి రాడు. దోసె మాడుతోంది, తిప్పాలని తెలుసు, చెయ్యి రాలేదు.

చివరికి నేనే పిలిచాను. గ్లాసుతో కాదమ్మా, నోటితో. "ఏమయ్యో, రోజూ తెచ్చినవి నాకని ఒక్క మాట చెప్పగూడదా? మా కొండ మీద పూలన్నీ స్వామివే, నాకెట్ల తెలుస్తాది?"

తిరిగి చూశాను. నీ అల్లుడు గడపలో నిలబడి ఉన్నాడు. అన్నం క్యారియరు కింద పెట్టేసి, రెండు చేతులూ పొట్ట ముందు కలిపి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. కళ్లలో నీళ్లు.

మాడిన దోసె ఆయనే తిన్నాడు.

ఆదివారం నేను రావడం లేదు. సామాన్లు పంపండి, దోసెల పెనం మరిచిపోకు, ఇక్కడిది అంటుకుంటుంది. ఈ ఉత్తరం నాయనకు కూడా చదివి వినిపించు. ఆయన తోటలో పెరిగిన పిల్ల తలలో పూలు పెట్టుకుందని బాధపడితే, ముందు స్వామికి వేసే పెట్టుకుంటోందని చెప్పు. ఉగాదికి ఇద్దరమూ వస్తాం. అలిపిరి దగ్గర పూలు తీసి ఈయన చేతికిస్తాను, కొండ దిగేదాకా పట్టుకోమని.

మీ
లోకేశ్వరి