మెత్తని పేరు

చిరంజీవి పిచ్చుకకు అమ్మ దీవెనలు. ఇక్కడ ఇద్దరం వేళకు తింటున్నాం, వేళాపాళా లేకుండా పోట్లాడుకుంటున్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

కొత్త గదికి గాలీ వెలుతురూ బాగున్నాయని రాశావు, సంతోషం. నాన్న డ్రైవింగ్ స్కూలు సంగతి అడిగావు. మొన్న ఒక పెద్దావిడకు రివర్సు నేర్పబోయి మన గేటే విరగ్గొట్టించుకున్నారు. పైగా, "ఆవిడకి ధైర్యం వచ్చింది కదా, గేటుదేముంది!" అంటారు.

ఇక నీ అసలు ప్రశ్న. తన మెడ మీది గడ్డ పేరు లింఫోమా అని నాన్న ఫోన్లో నవ్వుతూ చెప్పగానే వైద్య పుస్తకం తిరగేశావట. "చివర ఓమా ఉంటే అపాయం లేనిదేగా అమ్మా, హమ్మయ్య!" అని రాశావు. నువ్వు చదివిన సూత్రం నిజమే. కొవ్వు గడ్డ లైపోమా, పీచు గడ్డ ఫైబ్రోమా. అవి పుట్టినచోటే ఉండిపోతాయి. క్యాన్సరైతే ఉత్త ఓమా చాలదు, తోక పెద్దదవుతుంది: చర్మంలోనో అవయవాల లోపలి పొరల్లోనో పుట్టినది కార్సినోమా, ఎముకలోనో కండలోనో పుట్టినది సార్కోమా. రోజూ రిపోర్టుల్లో ఈ పేర్లు రాసేదాన్నే కదా నేను.

నాన్న గడ్డ ముక్క మా ల్యాబుకే వచ్చింది. మైక్రోస్కోపులో చూశాను. గుడ్లగూబ కళ్ళలాంటి జంట కేంద్రకాలతో పెద్ద పెద్ద కణాలు. పేరు తెలిసీ రాయడానికి చెయ్యి రాలేదు. స్లైడు తీసుకెళ్ళి మా పెద్ద డాక్టరుగారి ముందు పెట్టాను.

"ఎవరిదమ్మా?"

"మా ఆయనదండీ."

ఆయన చాలాసేపు చూసి, లేచి తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

తల్లీ, కొన్ని పేర్లు ఆ సూత్రానికి లొంగవు. మెలనోమా, లింఫోమా వినడానికి మెత్తగా ఉంటాయి. రెండూ క్యాన్సర్లే. నీ "హమ్మయ్య"ను చెరపడానికి మనసొప్పక జవాబు ఆలస్యం చేశాను. ఫోన్లో నా గొంతు నిలవదని రాస్తున్నాను.

లింఫోమాల్లోనూ రకాలున్నాయి. నాన్నది హాడ్జ్‌కిన్ రకం, మందులకు బాగా లొంగేది. ఆ మాట చెబితే, "ఏ రోడ్డో తెలిసిందిగా, ఇక బండి తియ్యి" అన్నారు. మందులు మొదలయ్యాయి. జుట్టు రాలుతోంది, ఒక్కోరోజు మంచం దిగరు. అయినా గడ్డ చేతికి మునుపటికంటే చిన్నగా తగులుతోంది.

ఆదివారం ఆయన నీకు ఫోన్ చేస్తారు, ఎప్పటిలాగే జోకులేస్తారు. తెలియనట్టు నవ్వకు. ఏడుపొస్తే ఏడువు. నా ముందు ఆయన ఇంతవరకూ ఏడవలేదు. నీ దగ్గరైనా ఏడవనీ.

ఇట్లు,
నీ కబురు కోసం కాచుకుని ఉండే
అమ్మ