నా నోటికి పడిన చందా

మధ్యాహ్నం గ్యాస్ బండ తెస్తారు, ఇంట్లోనే ఉండు. కుళాయి బాగుచేశాను, గట్టిగా బిగించకు.

నేను నిన్నటి నుంచి పలకడం లేదని మూతి ముడుచుకున్నావు. నీ మీద కోపం కాదు. పిల్లల ఆసుపత్రికి చందా పోగుచేయాలని మా గ్యారేజీలో తలా ఒక పందెం కట్టారు, దానికి మిగతావాళ్లు డబ్బు వేయాలి. డ్రైవర్ సిగరెట్లు మానేశాడు. పెయింటర్ గుండు కొట్టించుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి, "బాబాయ్, నువ్వు వారం రోజులు నోరు మూసుకుంటే చాలు, మా జేబులు దులిపేస్తాం" అన్నారు. అన్నంత పనీ చేశారు. పెయింటర్ గుండుకి రాలనంత డబ్బు నా నోటికి రాలింది. ఇన్నాళ్లూ నా పుల్లవిరుపు మాటలకి నవ్వుతున్నారనుకున్నాను, భరిస్తున్నారన్నమాట.

ఇంట్లో కూడా మాట్లాడనని ఒప్పుకున్నాను. వచ్చే ఆదివారం దాకా ఏం కావాలన్నా ఇలాగే రాసిపెడతాను.

ఈ పందెం సంగతి అమ్మాయికి మాత్రం చెప్పకు. నిన్న నువ్వు పక్కింటికి వెళ్లినప్పుడు అది కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఆఫీసు కబుర్లన్నీ చెప్పుకుంటూ తింది. లేచేటప్పుడు, "ఇవాళ మంచోడివైపోయావు నాన్నా" అంది. ఆదివారం తర్వాత ఏం చేయాలో తోచడం లేదు.