పారే నీళ్లకు అబ్బా అక్షరాలు

మహబూబ్‌నగర్,
డిసెంబరు 1998.

అమ్మీకి జాహేదా సలాములు. నీ తమ్ముడింట్లో అందరం అల్లా దయవల్ల చల్లగా ఉన్నాం. ఆలేరులో నీ చెల్లి ఖాలాకు మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. కంప్యూటర్ సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు నేనే నేర్పుతున్నాను.

అబ్బా రాసి వదిలిపోయిన ఖురాన్ ఆయతుల కాగితాలు కృష్ణలో కలిపావా అని కూడా అడిగావు. పాతబడిన దేవుని మాట కాళ్ల కింద పడకూడదు, పారే నీళ్లకే ఇవ్వాలి. ఆ కట్టడి నాకు తెలుసు. కానీ అమ్మీ, అంతకు ముందే వాటిని స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

టౌన్‌హాల్లో బొమ్మల ప్రదర్శనకు అందరూ రంగుల పటాలు తెస్తే, నేను కంప్యూటర్ తీసుకెళ్లి, చీకటి గదిలో ఎత్తైన బల్ల మీద పెట్టాను. నీలం తెర మీద అబ్బా అక్షరాలు కాగితం నుంచి ఒక్కొక్కటే విడివడి, నీళ్లలో తేలినట్టు మెల్లగా సాగిపోతుంటాయి. పక్కన ఒక ప్రశ్న రాశాను: "తెర మీది ఆయతును ఏ నీళ్లలో కలపాలి?" చూడవచ్చినవాళ్లు గొంతు తగ్గించారు. కొందరు చెప్పులు బయటే విడిచారు. నాకైతే ఆ నీలంలో ఎక్కడో అబ్బా కూర్చుని కలం చెక్కుకుంటున్నట్టే ఉండేది.

దస్తగిరి మామ మసీదులో ఖురాన్ ఓది చెప్పే మనిషి, కోప్పడతాడని భయపడ్డాను. చాలాసేపు నిలబడి చూశాడు. ఆయన చెప్పులు కూడా బయటే ఉన్నాయి.

ప్రదర్శన అయ్యాక సెంటర్ యజమాని కృష్ణయ్య సారు, "మిషిన్ల జాగా లేదు జాహేదా, అవన్ని తుడిచెయ్యమ్మా" అన్నాడు. తుడవలేకపోయాను. తుడిస్తే పాపమేమోనని మామను అడిగాను.

"నీళ్లల్ల ఇడిసినట్టే అనుకో. బిస్మిల్లా అని తుడువు, తప్పు లేదు" అన్నాడు. నా మొహంలోకి చూసి, "గని బిడ్డా, నువ్వు ఇడువలేకపోతున్నది ఆయతునా, మీ అబ్బా చేతినా?" అన్నాడు.

అమ్మీ, ఇది నీకు ఇంతవరకు చెప్పలేదు. అబ్బా పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. మామ అన్న ఆ మాటకు వచ్చింది.

ఏడ్చాకే తుడిచాను.

మొన్న శుక్రవారం కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు పోయాం. పుట్టి మీద నడి నీళ్లదాకా వెళ్లి కాగితాలు వదిలాం. సిరా పొగలా లేచి కరిగిపోయింది. మామ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

కట్ట అడుగున ఒక్క కాగితం మిగిలింది. దాని మీద ఆయతు లేదు. కొత్త కలం పాళీ సరిచూసుకోవడానికి అబ్బా కాగితం నిండా ఒకటే పేరు రాసుకున్నాడు. నీ పేరు. అజ్మత్, అజ్మత్, అజ్మత్.

"గిది నీళ్లకు కాదు, మా అక్కకు" అన్నాడు మామ.

ఈ కవరులోనే పెడుతున్నాను.

ఇట్లు,
నీ బిడ్డ
జాహేదా