అద్దం మీద నూనె

విజయనగరం,
జూలై మొదటి వారం

ప్రియమైన బేబీ పిన్నికి,

వందనాలు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. బడిపంతులమ్మగా చేసిన మనిషి, కోపం వచ్చినా ఉత్తరం చదవకుండా పారేయదని నీ కోడలు దీవెన అంది.

ఆదివారం చర్చిలో ప్రేమవిందు దగ్గర నువ్వు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయావు. నాకూ బాధగానే ఉంది. కానీ పిన్నీ, నేనన్నది ఊరికే అనలేదు. ముందురోజు సాయంత్రం కారులో మీ ఊరు వస్తుంటే శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద వాన పట్టుకుంది. వైపర్లు వేస్తే అద్దమంతా పాలు పూసినట్టయింది. ఎదురొచ్చే బళ్ల లైట్లు చెదిరిపోయి ఒకటికి పది కనబడ్డాయి. సైకిలు మీద వెళ్తున్న ముసలాయన నా బంపరు దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. బ్రేకు తొక్కాను. ఆయన బెదిరి కింద పడ్డాడు. పక్క సీట్లో ఏడో నెల కడుపుతో దీవెన ఉంది.

మన సంఘంలో ఎవరు బండి కొన్నా ప్రార్థనకు నిన్నే పిలుస్తారు, ఈ కారు కొన్నాక నేనూ పిలిచాను. నువ్వు అద్దం మీద కొబ్బరినూనెతో సిలువ గుర్తు వేశావు. మర్నాడే నేను ఊరంతా తిరిగి కొనుక్కొచ్చిన రెయిన్ కోటింగ్ రాశాను. అది రాస్తే వాన నీళ్లు అద్దం మీద నిలవకుండా పూసల్లా జారిపోవాలి. నీ నూనె వల్ల ఆ మందు పాడైంది. అందుకే పంక్తిలో అందరి ముందూ "ఏటి పిన్నీ, అద్దానికి నూనె రాస్తారేటి, మనుషుల్ని సంపేస్తావా?" అనేశాను. మాట పెద్దదే, విషయం మాత్రం నిజం.

ఇప్పుడు దాన్ని వదిలించాలి. ఎంత నూనె రాశావో, అద్దమంతా పామావో లేదో రాయి.

నీ అక్క కొడుకు,
విక్టర్

*

ఆమదాలవలస,
జూలై రెండో వారం

ప్రియమైన విక్టర్,

ఉత్తరం అందింది. ఫోనులో అయితే నీ గొంతు వినాలి. ఇప్పట్లో నాకు అది వద్దు.

నూనె ఒక్క చుక్క. చూపుడువేలితో అద్దం మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. అంతే రాశాను. అంతకే ఇంత ప్రమాదం వస్తుందని నాకు తెలియదు.

బూడిదతో తోమమని, బ్లేడుతో గీకమని నలుగురూ నాలుగు చెబుతారు. వినకు. అద్దం మీద గీత పడితే జన్మలో పోదు. మీ బాబాయి కట్టుకున్న పొందూరు పంచె ఒకటి ఉంచుకున్నాను. ఉతికి ఉతికి మెత్తబడింది. దాన్ని చింపి పంపుతున్నాను, దానితో తుడువు.

ఆ సైకిలాయన మోకాలికి దెబ్బ తగిలిందా, మానిందా? నువ్వు రాయలేదు. దీవెనను ఎక్కువసేపు నిలబడనివ్వకు.

ఇట్లు,
మీ పిన్ని

*

విజయనగరం,
జూలై చివర

ప్రియమైన పిన్నికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కారుని షెడ్డు నీడలో పెట్టి, అద్దాన్ని సబ్బునీళ్లతో శుభ్రంగా కడిగాను. నూనె అయితే దాంతో వదలాలి. ఆరాక చూస్తే మసక మసకగానే ఉంది. మగ్గుతో నీళ్లు పోశాను. అద్దమంతా నీళ్లు చుక్కలు చుక్కలుగా, మచ్చలు మచ్చలుగా నిలబడ్డాయి. మధ్యలో ఒక్కచోట మాత్రం పలచగా పరుచుకుని జారిపోయాయి. అక్కడ అద్దం తేటగా ఉంది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. నీ వేలు తగిలిన చోట నా మందు అంటుకోలేదు పిన్నీ. మిగతా మసకంతా నేను రాసిందే.

అప్పుడు తీశాను మందు సీసా. చల్లటి అద్దం మీద, నీడలో, పలచగా రాసి వెంటనే తుడవాలని దాని మీదే ఉంది. నేను మిట్టమధ్యాహ్నం ఎండలో దట్టంగా పామి, అన్నం తినడానికి లోపలికి పోయాను. కాలేజీ ల్యాబులో సీసా మీద ఏముందో చదవకుండా మూత తీయొద్దని పిల్లల్ని రోజూ తిట్టేది నేనే.

దాన్ని వదిలించడానికి సెలవు రోజంతా పట్టింది. రంగుకీ రబ్బరుకీ తగలకుండా అంచుల వెంట టేపు అంటించాను. చేతికి గ్లౌజులు వేసుకుని, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మందుల షాపులో దొరికే స్పిరిట్‌ని నువ్వు పంపిన గుడ్డతో అద్ది తుడిచాను. సగం వదిలింది. మిగతా దానికి అద్దాలు పాలిష్ చేసే సీరియం పొడిని నీళ్లలో కలిపి, ఆరిపోనివ్వకుండా, జానెడు మేర చొప్పున చేత్తో మెల్లగా రుద్దాను. కడిగి నీళ్లు పోసి చూడటం, చుక్కలు కట్టిన చోట మళ్లీ రుద్దడం. చివరికి అద్దమంతా నీళ్లు ఒకే పొరలా జారాయి. ఆ మందు పట్టేసిన వైపర్ రబ్బర్లు కూడా మార్చేశాను. బాబాయి పంచె ముక్కలు నల్లబడిపోయాయి. వాటిని చూస్తే తల కొట్టేసినట్టయింది.

సైకిలాయన పేరు అప్పలసూరి. నువ్వు అడిగాకే వెతుక్కుంటూ వెళ్లాను. మోకాలు మానింది, నడుస్తున్నాడు.

తప్పు నాదే. నీకు మొహం చూపించలేక ఇలా రాస్తున్నాను. నన్ను క్షమించు.

విక్టర్

*

ఆమదాలవలస,
ఆగస్టు

విక్టర్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. క్షమించానని రాద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదు. అబద్ధం ఎందుకు రాయాలి?

నువ్వు నన్ను అన్నది సంఘమంతా కూర్చున్న పంక్తిలో. క్షమాపణ అడిగింది కవరులో. ఆ కవరు చింపింది నేనొక్కదాన్నే. నువ్వు చదువుకున్నవాడివి, నీ మాటకు విలువుంది. ఆరోజు నుంచి నన్ను ఎవరూ ఏ ఇంటికీ ప్రార్థనకు పిలవలేదు. మన సంఘపెద్ద జ్ఞానానందం గారు కొత్త బండి కొని, తనే ప్రార్థన చేసుకున్నారు. నేను చర్చికి వెళ్లడం మానేశాను.

అదైనా ఓర్చుకుంటాను. ఇంకొకటి ఉంది. నీ మాటను అందరికంటే గట్టిగా నేనే నమ్మాను. పోయిన వారం, నీ ఉత్తరం ఇంకా అందకముందు, పక్కింటి కూర్మమ్మ తెల్లవారగానే వచ్చింది. వాళ్లు గుడికి వెళ్లే మనుషులు, అయినా పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే తల మీద చెయ్యి వేసి ప్రార్థించమని నా దగ్గరికే వస్తారు. "ఓలమ్మా, మనవరాలికి జొరం కాస్తన్నాది. ఆస్పత్రికి తీసుకెల్తన్నాం. ఓసారి సెయ్యి ఏసి పంపవా?" అంది. నేను లోపల్నుంచే "నా సెయ్యి మంచిది కాదు, ఎల్లిపో" అని తలుపు గడియ పెట్టాను. పిల్లకు మందులిచ్చారు, తగ్గిందట. కానీ పిల్లని భుజాన వేసుకుని నిలబడ్డ ముసలిదాని మొహం మీద తలుపు వేసింది నేను. ఇప్పుడు ఆమె ఎదురైతే తల దించుకుని పక్క సందులోంచి పోతున్నాను. నా సిగ్గు అది.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

బేబీ

*

ఆమదాలవలస,
ఆదివారం, మీ వీధిలోనే

పిన్నికి,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదువు.

పొద్దున పాసింజరు రైల్లో వచ్చాను. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. "నా కారు విషయంలో ఒక పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టాను. పిన్ని నూనె వల్ల కాదని తేలిందన్నాను. మందు గురించి, ఎండ గురించి, ల్యాబులో పాఠం చెప్పినట్టు చాలాసేపు చెప్పాను. జ్ఞానానందం గారు ముందు వరసలోంచి, "అదంతా సరే గానీ బాబూ, పొరపాటు ఎవలిది?" అన్నారు.

నీకు రాసిన ఉత్తరంలో తేలిగ్గా రాసిన మాటే అది. అక్కడ, నిన్ను ఎవరి ముందు అన్నానో ఆ మనుషుల ముందే దాన్ని చెప్పడం కష్టమైంది. "నాది" అన్నాను. "ఈ ఆవరణలోనే, అన్నం ముందు కూర్చున్న మా అమ్మ చెల్లెల్ని మనుషుల్ని చంపుతావా అన్నాను. చంపబోయింది నేను." చెప్పి కూర్చున్నాను. పాట అయ్యేదాకా తల ఎత్తలేదు.

బయటికి వచ్చాక ఒకరిద్దరు ఆ పాలిష్ పొడి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నీ గురించి ఎవరూ అడగలేదు. నేను ఒక్క పూటలో పోగొట్టింది ఒక్క పూటలో రాదని తెలిసింది. మళ్లీ వస్తాను, మళ్లీ చెబుతాను.

నీ ఇంటి దాకా వచ్చాను గానీ తలుపు కొట్టే ధైర్యం లేక కూర్మమ్మ గారి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఆమెకీ అంతా చెప్పాను. నన్ను బాగానే తిట్టింది. తిట్టి, "ఈ కాయితం ఇలాగ ఇయ్యి, నేనిస్తాను" అంది. చీటీ తలుపు కింద నుంచి తోస్తుంది. మనవరాలిని ఎత్తుకుని నీ గుమ్మం ముందే నిలబడతానంటోంది.

నా కోసం కాదు పిన్నీ. తలుపు తియ్యి.

విక్టర్