ఒక్క సుద్దగీత

శనివారం, మిట్టమధ్యాహ్నం
మన కుట్టుకొట్టు, ఇస్త్రీబల్ల మూల నుంచి

సూదిలో దారమెక్కించడంలో సాటిలేని మేటి, మా అమ్మకు ఏకైక చెల్లెలు అయిన పిన్నిగారి సముఖానికి, భూగోళశాస్త్ర పట్టభద్రుడు, ప్రస్తుతం ఇదే కొట్టులో గుండీల శాఖకు అధిపతి అయిన నేను చేతులు కట్టుకుని రాసుకునే విన్నపం.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరంలో ఇకమీదట రాబోయే ప్రతిదానికీ నేనే బాధ్యుణ్ణి. ఎడారిలో ఎండకు నేనే బాధ్యుణ్ణి. సముద్రం ఉప్పగా ఉండటానికీ, ఒంటెకు నడుం వంకర కావడానికీ, నాన్న ఇసుక కుప్పెక్కి తిట్లు తినడానికీ కూడా నేనే. ఇన్ని నేరాలు నెత్తినేసుకున్నవాడు ఇంకొకటి దాచుకుని ఉంటాడని ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఈ ఏర్పాటు.

ఇప్పుడు 'ఉభయకుశలోపరి' అని రాయాలి. కానీ ఆ ఉభయుల్లో మా అమ్మ నీ కుశలం అడగదు, నువ్వు మా అమ్మ కుశలం అడగవు. ఇద్దరి కుశలాలూ మోసే గాడిదను నేనే గనక చెబుతున్నాను: ఇక్కడ అమ్మ బాగుంది. అక్కడ నువ్వూ బాగున్నావనీ, ఆ యూనిఫాంల కంపెనీలో పొద్దస్తమానం ఒకటే కాలరు కుట్టీ కుట్టీ ఇంకా మతిపోలేదనీ తలుస్తాను.

అసలు సంగతి. మేం ఎడారికి వెళ్తున్నాం.

కంగారుపడకు, తిరిగొస్తాం. మన కొట్టులో అద్దం పక్కన బట్టల మిల్లు వాళ్ళ పాత క్యాలెండరు బొమ్మ ఉంది చూడు, పసుప్పచ్చ ఇసుకతిన్నెలు నేరుగా నీలం సముద్రంలోకి దిగిపోతుంటాయి, ఆ దేశానికే. నువ్వు మిషను తొక్కుతూ, అమ్మ కత్తెరాడిస్తూ, 'ఎప్పటికైనా మనిద్దరం అక్కడికి పోవాలే' అని నా చిన్నప్పటినుంచీ అనుకుంటూ వచ్చిన చోటు. నెలలూ తేదీలూ ఎప్పుడో చిరిగిపోయాయి, బొమ్మ మిగిలింది. అమ్మ మొన్న దాని మీద దుమ్ము తుడిచి, ఉన్నట్టుండి "వెళ్దాం" అంది. నాన్న టీకేమో అనుకుని చొక్కా తొడుక్కున్నాడు.

ట్రావెల్సాయన కొట్టుకొచ్చి మాకు పాఠం చెప్పాడు. నడివేసవిలో వెళ్తే అక్కడ మనిషి పెనం మీద నీటిబొట్టట, చుయ్‌మని పోతాడట. చల్లటి నెలల్లో అయితే లోకమంతా అక్కడే దిగుతుంది, సముద్రం కంటే ముందు జనం కనిపిస్తారు. ఈ రెంటికీ నడుమ, ఎండ కాస్త చల్లబడి జనం ఇంకా మేలుకోని కొద్ది వారాలున్నాయి. అప్పుడు వెళ్ళాలి. తెల్లారగానే ఇసుకలోకి, మధ్యాహ్నం గదిలోకి, పొద్దువాలాక నీళ్ళలోకి. పాసుపోర్టులూ వీసాలూ అని ఆయన ఏకరువు పెడుతుంటే అమ్మ చెవిలో పడింది ఒక్కటే. నిండు చేతులు, వదులు చొక్కాలు, పల్చటి నూలుగుడ్డ.

నాన్న సంగతి చెప్తే నవ్వుతావు. మన పక్కస్థలంలో ఇల్లు కడుతూ లారీ ఇసుక దింపారు. నాన్న రోజూ మధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టి, గొడుగేసుకుని, దానిమీద ఎక్కీ దిగీ సాధన మొదలుపెట్టాడు. మేస్త్రీ రెండ్రోజులు ఓర్చుకుని మూడోరోజు, ఏం పారేసుకున్నారండీ అని అడిగాడట. ఏమీ లేదు, అలవాటు చేసుకుంటున్నానన్నాడట నాన్న. ఆ అలవాటేదో కంకర మీద చేసుకోండి, ఇసుక నాకు కావాలన్నాడట మేస్త్రీ.

నా చదువు కూడా ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. అంత సముద్రం పక్కనుండగా అక్కడ వాన పడదేంరా, అదేం ఎడారి అని అమ్మ నిలదీసింది. గాలుల గురించీ, మబ్బు కట్టకపోవడం గురించీ, ఫీజులు దండగ కాలేదని రుజువయ్యేంత వివరంగా చెప్పాను. పక్కనే ఉన్నంత మాత్రాన నీళ్ళు చేరాలని లేదమ్మా అని ముగించాను. అమ్మ కత్తెర ఆపింది.

"పక్కపక్కనే ఉండి పలకరించుకోకపోవడం వింతేముంది లేరా" అంది.

నువ్వుండేది ఒక్క బస్సు దూరంలో. నేను భూగోళం అక్కడితో కట్టిపెట్టి గుండీలు కుట్టుకున్నాను.

పిన్నీ, ఇక్కడ కాస్త పాత కేసు తిరగెయ్యాలి. వాది, ప్రతివాది, నష్టపోయిన లాయరుగారూ అందరూ మనవాళ్ళే. లాయరుగారు మనం కుట్టిన కొత్త కోటు తొడుక్కుని కోర్టులో చెయ్యెత్తారు. వాదన నెగ్గింది, చంక పిగిలి ఓడిపోయింది. కుట్టులోకి గుడ్డ ఎక్కువ లాగేశావని అమ్మ నిన్నంది. కుట్టుకని గుడ్డ వదిలితే కదా లాగడానికి అని నువ్వన్నావు. కత్తెరదా తప్పు, సూదిదా అన్నది ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే గుడ్డ మీద ఆధారం లేదు. లోకంలో ఏ కటింగ్ మాస్టరైనా సుద్దతో రెండు గీతలు గీస్తాడు, కత్తిరించడానికొకటి, కుట్టడానికొకటి. అమ్మ నీకెప్పుడూ ఒక్కటే గీసేది. రెండోది నీ కంట్లో ఉందని ఆవిడ ధీమా. మర్నాడు నువ్వు నీ సూదుల డబ్బా పట్టుకుని బస్సెక్కేశావు. ఆ తర్వాత వచ్చిన కుట్టుమాస్టారికి అమ్మ మారుమాట లేకుండా రెండేసి గీతలు గీసిస్తోంది. అతనూ రైలు పట్టాల మీద పోయినట్టు పోతాడు, మంచివాడే. మిషను దగ్గర మాత్రం కబుర్లు లేవు.

ఈ వారం అమ్మ ప్రయాణం బట్టలు కత్తిరించింది. నాన్నవీ నావీ రెండు గీతలతో మాస్టారికిచ్చేసింది, అతను కుట్టేశాడు కూడా. నాది తొడుక్కుంటే గాలి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి వెళ్ళిపోతోంది, గొప్పగా ఉంది. తనవి మాత్రం బల్ల మీదే ఉన్నాయి. మాస్టారు చెయ్యి చాపితే, అవి తర్వాత చూద్దాంలెండి అంది. నేను ఇస్త్రీ పెట్టె వెతికే నెపం మీద తొంగిచూశాను. ఒక్కటే గీత, పిన్నీ. చంకల్లో, పక్కల్లో, చేతుల చివర్లో, అంతటా ఒక్కటే గీత. ఇంకో విశేషం, అవి ఇద్దరు మనుషుల బట్టలు. రెండోవాళ్ళకు ఎడమ భుజం కాస్త కిందికి ఉంది. ఏళ్ళ తరబడి మిషను మీదికి ఒరిగి ఒరిగి భుజం అలా దిగినవాళ్ళు మన చుట్టాల్లో ఎవరున్నారా అని ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. నా తెలివి నీకు తెలుసుగా.

ట్రావెల్సాయన పొద్దున మళ్ళీ వచ్చాడు. మంచి వారాలు చేజారిపోతాయి, ముగ్గురా నలుగురా వచ్చే శుక్రవారంలోగా తేల్చండి అన్నాడు. అమ్మ టేపు మెడలో సర్దుకుంటూ అంది:

"ఇంకా కుట్టు పడలేదండీ. ఆగండి."

ఆయన నావైపు చూశాడు. నేను క్యాలెండరు వైపు చూశాను.

ఇప్పుడు నేను నిన్ను రమ్మనడం లేదు. పెద్దల మధ్య దూరే వయసు కాదు నాది, దూరే పొట్ట కూడా కాదు. నీ మిషను మీద గుడ్డ కప్పే ఉందనీ, మాస్టారు రెండోదాని మీద కుట్టుకుంటున్నాడనీ, కిటికీ వైపున్న నీదాన్ని అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదనీ ఊరికే తెలియజేస్తున్నాను. నూనె మాత్రం ప్రతి ఆదివారం పడుతోంది. ఎవరు వేస్తున్నారో నన్నడక్కు, నేను ఆదివారాలు ఆలస్యంగా లేస్తాను.

ఇట్లు,
చిన్నప్పుడు నీ ఒళ్ళో కూచుని గుండీ మింగి, అప్పటినుంచీ నీ నోట ఆ పేరే మిగిలిపోయిన
నీ గుండీగాడు

తా.క. మొదట్లో అన్నేసి క్షమాపణలు చెప్పుకున్నది దీనికోసమే. బల్ల మీది ఆ గుడ్డలన్నీ నేను దొంగిలించాను. ఈ ఉత్తరం తెచ్చిన బస్సు కండక్టరు దగ్గరే పొడుగాటి కాగితం చుట్ట ఒకటి ఉంటుంది, అడిగి తీసుకో. అమ్మ భోజనానికి లేచి వెళ్ళిందనుకుని గబగబా మడతలు పెట్టేస్తున్నాను. తీరా చూస్తే గుమ్మంలోనే కూచునుంది, నాకు వీపు పెట్టి, కత్తెర తుడుచుకుంటూ. ఇటు తిరగలేదు.

"మడతపెట్టకురా, గీత చెరిగిపోద్ది. చుట్టు" అంది.

కాబట్టి దొంగతనం అమ్మది. నేను చేసిందల్లా చుట్టడమే.